పొగ దగ్గు

పోయిన వారం పూండి స్టేషన్‌లో పలాస వెళ్ళే పాసింజరు కోసం కూర్చున్నాను. రైలు ఎప్పట్లాగే ఆలస్యం. పక్క బల్ల మీద ఒక చిన్న వయసు తల్లి, ఒళ్ళో చంటిబిడ్డ. ఉన్నట్టుండి బిడ్డ దగ్గడం మొదలెట్టింది. దగ్గు మీద దగ్గు, మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి సందు లేదు. మొహం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. ఆఖరికి గాలి లోపలికి లాక్కుంటూ పొడుగాటి కూత ఒకటి పెట్టింది. ఆ కూత వినేసరికి నా చెయ్యి దానంతటదే జేబులో ఫోన్ మీదికి పోయింది. మేడమ్ నంబరు ఇంకా అందులో ఉంది. ఎత్తే మనిషి లేదు. ఈ వానాకాలం వెళ్ళాకే పోయింది.

బిడ్డకేమైందమ్మా అని అడిగాను. "పొగ దగ్గు బావూ, మాది జీడి ఫ్యాక్టరీ ఎనకాలే ఇల్లు" అంది ఆ తల్లి, అంతకన్నా చెప్పాల్సిందేముందన్నట్టు. సలహాలిచ్చే ముసలివాళ్ళని ఎలా చూస్తారో అలాగే చూసింది నన్ను. ఆసుపత్రికి వెళ్దామని మంచిగా చెబితే వినలేదు. చివరికి భయపెట్టి, అదే రైల్లో పలాస తీసుకెళ్ళి, ఆసుపత్రి గుమ్మం దాకా దిగబెట్టి వచ్చాను. దారి పొడుగునా మేడమే గుర్తొచ్చింది.

ఆమె పేరు రాయను. బతికుంటే రాయనిచ్చే మనిషి కాదు. కాలేజీ పిల్లలు మైక్రో మేడం అనేవారు. నేను మేడమ్ అనేవాణ్ణి, ఆమె నన్ను మాష్టారూ అనేది. మా డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూములో ఏళ్ళ తరబడి ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నాం. నాది తెలుగు, ఆమెది సూక్ష్మజీవశాస్త్రం. మీ పాఠం వల్ల ఎవరికీ ఏ ప్రమాదమూ ఉండదు, హాయిగా చెప్పుకోవచ్చు అని నన్ను ఎగతాళి చేసేది. 

ఎవరైనా దగ్గితే చాలు, ఆమె చేస్తున్న పని ఆపేసేది. చూపుడువేలు లేపి, తల కాస్త ఎడమవైపు వంచి, కళ్ళు మూసుకునేది. సంగీతం వినేవాళ్ళు కూడా అంత శ్రద్ధగా వినగా నేను చూడలేదు. ప్రిన్సిపాల్ గారు మీటింగులో మాట్లాడుతున్నా సరే, ఆ వేలు లేచిందంటే అందరం నోరు మూసుకోవాల్సిందే. కళ్ళు తెరిచి తీర్పు చెప్పేది. ఇది ఉబ్బసం. ఇది సిగరెట్టు. ఇది పరీక్ష ఎగ్గొట్టడానికి దగ్గిన దొంగ దగ్గు. ఒకసారి టెక్కలి బస్సులో కండక్టరు దగ్గితే వేలు లేపి విని, టిక్కెట్టు తీసుకుంటూ, రేపు డ్యూటీకి రావద్దు, కళ్ళె పరీక్షకి వెళ్ళు అని నలుగురిలో చెప్పేసింది. అతనికి తల కొట్టేసినట్టయింది. బస్సులో ఉన్నవాళ్ళు నవ్వారు. పరీక్షలో క్షయ అని తేలింది. మందులన్నీ వాడి బాగుపడ్డాక, ఆమె వీధి మలుపులో కనిపిస్తే చాలు అతని బస్సు ఆగి ఎక్కించుకునేది.

నోటితో ఊదడం ఆమెకి సరిపడదు. టీ వేడిగా ఉందని ఎవరైనా ఉఫ్ అంటే గ్లాసు దూరంగా జరుపుకునేది. ప్రిన్సిపాల్ గారి పదవీ విరమణకి పిల్లలు కేకు తెచ్చి కొవ్వొత్తులు వెలిగిస్తే, ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని వంగేలోపల ఈవిడ తడిగుడ్డతో వాటిని ఆర్పేసింది. ఆయన బుగ్గలు ఉబ్బించుకుని అలాగే ఉండిపోయారు. ఆ ఫోటో ఇప్పటికీ కాలేజీలో ఎవరో ఒకరి ఫోన్లో తిరుగుతూ ఉంటుంది. ఊళ్ళో ఆమెకి చాదస్తం అని పేరు. నాకూ అలాగే అనిపించేది, బారువ వెళ్ళిన రోజు దాకా.

కార్తీకమాసంలో పిల్లల్ని తీసుకుని బారువ సముద్రం ఒడ్డుకి పిక్నిక్ వెళ్ళాం. అప్పటికి తుఫాను వచ్చి వెళ్ళి కొంతకాలమైంది. దారంతా తలల్లేని కొబ్బరిచెట్లు. ఒడ్డున ఎండుచేపలు ఆరబోసి ఉన్నాయి. పిల్లలు నీళ్ళల్లో కేకలు పెడుతుంటే మేమిద్దరం పడవ నీడలో కూర్చున్నాం. ఏదో మాటల్లో, ఉద్యోగానికి రాకముందు విశాఖపట్నంలో మీరు చేసిన పరిశోధన ఏమిటి మేడమ్ అని అడిగాను. అడిగి ఉండకపోతే ఎంత హాయిగా ఉండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మన శ్వాసనాళం లోపలి గోడకి ఉండే కణాలని గాజుపళ్ళెంలో పెంచేవారట. ఒక్కో కణం మీద సన్నని నూగు ఉంటుంది, మైక్రోస్కోపులో చూస్తే గాలికి వరిచేను ఊగినట్టు అంతా ఒకే దిక్కుకి ఊగుతుంటుంది, మనం పీల్చిన దుమ్మునీ ధూళినీ అలా పైకి నెట్టేస్తుంది. ఆ చేలోకి ఆమె కోరింత దగ్గు క్రిమిని వదిలేది. వదిలి, కూర్చుని చూసేది. అదే ఆమె ఉద్యోగం. చాలాసేపు ఏమీ జరగదట. చేను ఊగుతూనే ఉంటుంది. తర్వాత ఎక్కడో ఒక మూల ఊగడం ఆగిపోతుంది.

క్లాసులో పుస్తకం భాష మాట్లాడే మనిషి, మనసుకి దగ్గరైన సంగతి వస్తే మా ఉద్దానం యాసలోకి జారిపోయేది. ఆ రోజు పూర్తిగా జారిపోయింది.

"బయట సల్లగా ఉన్నంతసేపూ అది ఏటీ ఎరగనట్టే ఉంటాది మాష్టారూ. విషం సెయ్యడం తెలుసు, కానీ సెయ్యదు. దండగ కదా. మనిషి ఒంటి వెచ్చదనం తగిలిందనుకోండి, అప్పుడు తెలుస్తాది దానికి, ఇల్లు దొరికిందని. అప్పుడైనా తొందరపడదు. ముందు పట్టుకుంటాది. పట్టు కుదిరినాకే విషం."

ఒకే క్రిమిని నెత్తురు కలిపిన రెండు గాజుపళ్ళేల్లో వేసి, ఒకటి చల్లగా, ఒకటి వెచ్చగా ఉంచేదట. చల్లటి పళ్ళెంలో నెత్తురు నెత్తురులాగే ఉండేది. వెచ్చటి పళ్ళెంలో క్రిమి చుట్టూ నెత్తురు విరిగి వెలిసిపోయేది. రెండూ ఒక తల్లి పిల్లలే. వెచ్చటి దాన్ని తీసుకెళ్ళి చల్లట్లో పెడితే మళ్ళీ బుద్ధిగా అయిపోయేది. ఆ బుద్ధిగా ఉన్నదాన్ని చూస్తేనే తనకి ఎక్కువ భయం వేసేదని చెప్పింది. దాని విషం ఒంట్లోకి దిగాక మన కాపలా కణాలు నెత్తుట్లో లక్షలుగా పెరుగుతాయి గానీ గొంతు దగ్గరికి దారి దొరక్క నెత్తుట్లోనే తిరుగుతుంటాయట. ఇంటికి నిప్పంటుకుంటే వీధిలో జనం గుమిగూడి, లోపలికి పోయే తలుపు కనపడక తచ్చాడినట్టు.

ఇంత చేసి దానికేం వస్తుంది, మనిషి పోతే దాని ఇల్లూ పోతుంది కదా అన్నాను, తెలుగు మాష్టారి తెలివితో.

"దగ్గొస్తాది. దగ్గితేనే కదా ఇంకో ఇల్లు దొరికేది" అంది.

పిల్లలు భోజనానికి పిలుస్తున్నా నేను లేవలేకపోయాను. ఆమె మాత్రం లేచి, ఇసుక దులుపుకుని, పులిహోర ఎవరు కలిపారో, కలిపేటప్పుడు ఎవరైనా తుమ్మారో ఆరా తీయడానికి వెళ్ళింది.

మా పలాస సంగతి కొంచెం చెప్పాలి. పలాస, కాశీబుగ్గ కలిసిపోయిన ఊళ్ళు. ఎటు చూసినా జీడి ఫ్యాక్టరీలే. పిక్కలు ఉడకబెట్టే బాయిలర్లలో జీడి తొక్కలే మంట. ఆ పొగ ఘాటు వేరు. గొంతులో గరగర, కళ్ళల్లో మంట, చలికాలం వచ్చిందంటే అది పైకి పోకుండా వీధుల్లోనే ఉంటుంది. అందుకని మా ఊళ్ళో ఎవరు దగ్గినా పొగ దగ్గే. డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఎందుకు, బాయిలరు ఆపుతాడా ఏమన్నా అంటారు. క్షయతో దగ్గేవాడిదీ పొగ దగ్గే, గుండె నీరసించి దగ్గేవాడిదీ పొగ దగ్గే. పొగ దగ్గు అన్న మాట వింటే మేడమ్‌కి ఒళ్ళు మండేది. పొగ మీద నెపం పెట్టి ఈ ఊరు సగం జబ్బుల్ని ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతోంది అనేది. క్లాసులో కొత్త పిల్లలకి ఆమె మొదటి రోజు అడిగే ప్రశ్న, మీ ఇంట్లో దగ్గేవాళ్ళెవరు, పొగ అని ఎవరు చెప్పారు అని.

మా అమ్మాయి పురిటికి మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మేడమ్‌ది మా పక్క వీధే, ఒంటరి మనిషి. మా ఆవిడ ఆమెని సొంత అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేది. పిల్ల పుట్టాక కాలేజీ నుంచి నేరుగా మా ఇంటికే వచ్చేది ఆమె. కాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, అప్పుడు పిల్లని అందుకునేది. జీవితమంతా మనుషుల నోటికి బారెడు దూరంలో మసిలిన మనిషి, ఆ పిల్ల మొహం మీదికి వంగి ఏవో కబుర్లు చెబుతుండేది. పిల్ల ఊపిరి పాలవాసన వేస్తోంది మాష్టారూ అని నాతో అంది ఒకరోజు, సిగ్గుపడుతూ. ఆమె సిగ్గుపడటం అదే చూశాను.

పిల్లకి లాల పోయడానికి ఒక ముసలమ్మ వచ్చేది. వయసులో ఉన్నప్పుడు జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి వేళ్ళు నల్లబడిపోయిన మనిషి. మా వీధి వీధంతా ఆమె కాళ్ళ మీద పెరిగినవాళ్ళే. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లని వాటి మీద పడుకోబెట్టి, ఆముదం రాసి, వేడినీళ్ళు పోసేది. అంతా అయ్యాక పిల్ల ముక్కుకి తన నోరు ఆనించి ఒక్కో రంధ్రంలోకి గట్టిగా ఊదేది. నీళ్ళు మిగిలిపోకుండా, ముక్కు నిటారుగా వచ్చేలా. మా ఇళ్ళల్లో ఇది తరతరాల పని. మా అమ్మాయి ముక్కూ ఆవిడ ఊదిందే.

చలి మొదలైన రోజుల్లో ముసలమ్మ దగ్గుతోంది. ఆ మాటకొస్తే అందరం దగ్గుతున్నాం. మేడమ్ కూడా దగ్గుతోంది. మాట మధ్యలో ఆగి, పక్కకి తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గేది. జ్వరం లేదు, జలుబు కూడా పెద్దగా లేదు. కొత్త బాయిలరు పెట్టినట్టున్నారు, గాలి ఇటే కొడతన్నాది అనేది. మా ఆవిడ మిరియాల కషాయం ఇచ్చేది. ఆమె తాగి, వెళ్ళేముందు మరోసారి పిల్ల దగ్గరికి వెళ్ళి వంగేది.

కాలేజీకి సెలవైన ఒక ఉదయం ఆమె మా ఇంటికి వచ్చేసరికి ముసలమ్మ పిల్ల ముక్కులో ఊదుతోంది. ఊది తలెత్తి, పక్కకి తిరిగి దగ్గింది. మేడమ్ గుమ్మంలోనే ఆగిపోయింది. వేలు లేచింది. కళ్ళు మూసుకుంది. తెరిచాక ఆమె మొహంలో రంగు లేదు. పిల్లని అక్కడ పెట్టి లెమ్మంది ముసలమ్మని. ఈ దగ్గు ఎన్నాళ్ళనుంచి, దగ్గాక వాంతి అవుతోందా, ఇంకెంతమంది పిల్లలకి ఊదావు అని గట్టిగట్టిగా అడుగుతుంటే ముసలమ్మ బిత్తరపోయి, పొగ దగ్గమ్మా, పొగ దగ్గు అంటూ చేతులు నలుపుకుంది. పురిటింట్లో ఆ అరుపులేమిటని మా ఆవిడ అడ్డం వచ్చింది. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నేను చదవని పేపరుని మళ్ళీ మళ్ళీ మడత పెడుతూ నిలబడ్డాను.

ఆ కోపంలో మేడమ్‌కే దగ్గు తెర వచ్చింది. మాట రాక, గోడ పట్టుకుని వంగి వంగి దగ్గింది. కళ్ళల్లో నీళ్ళు కారాయి. తెర తగ్గాక కొంగుతో మొహం తుడుచుకుని, "ఈ పొగ ఒకటి" అంది. మేమందరం అవునని తలలూపాం.

ముసలమ్మ ఆ రోజుతో మానేసింది. మానేసింది అనకూడదు, మా ఆవిడ ఏడుస్తూనే మానిపించింది. మాట వీధంతా పాకింది. చంటిపిల్లలున్న మిగతా ఇళ్ళవాళ్ళు కూడా రేపట్నించి రావద్దన్నారు.

తర్వాత వారం తిరగలేదు. మా అమ్మాయి పిల్లకి పాలిస్తూ ఉన్నట్టుండి కేక వేసింది. పిల్ల తాగడం ఆపేసింది. ఏడవలేదు, దగ్గలేదు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఊపిరి లేదు. మా ఆవిడ వీపు తడితే ఒక్కసారి ఉలిక్కిపడి మళ్ళీ పీల్చింది. కబురందుకుని మేడమ్ చెప్పుల్లేకుండా వచ్చింది. వినడానికి దగ్గు లేదు కాబట్టి వేలు లేపలేదు. పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసి చూస్తూ ఉంటే ఆ చేతి కిందే మరోసారి ఊపిరి ఆగింది.

"ఈ ఈడులో పిల్లలకి దగ్గు రాదు మాష్టారూ. ఊపిరే మరిసిపోతారు. బేగి బండి పిలవండి" అంది.

కారులో వెనక సీట్లో మా అమ్మాయి పక్కన ఆమె కూర్చుంది. అందరినీ మూతులకి గుడ్డలు కట్టుకోమంది, తనూ కట్టుకుంది. శ్రీకాకుళం దాకా ఆమె చేసిన పని ఒకటే. పిల్ల ఊపిరి ఆగినప్పుడల్లా అరికాలు మీద గోటితో టక్కున కొట్టడం. కొడితే పిల్ల ఉలిక్కిపడి గాలి పీల్చేది. టెక్కలి దాటాం, నరసన్నపేట దాటాం. ముందు సీట్లో నాకు ఆ గోటి చప్పుడొకటే వినిపించేది. చప్పుడు వినిపించిందంటే లోపల ఊపిరి ఆగిందని అర్థం, తర్వాత పిల్ల మూలుగు వినిపించేదాకా నాకూ ఊపిరి ఉండేది కాదు. శ్రీకాకుళంలో ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో విశాఖపట్నం పంపించారు.

అక్కడ పిల్లని గాజు తలుపుల వెనక్కి తీసుకెళ్ళారు. యంత్రం పెట్టారు. నెత్తుట్లో తెల్లకణాలు విపరీతంగా పెరిగాయని చెబితే మా అమ్మాయి, పెరిగితే మంచిదే కదా అంది ఆశగా. బారువ ఒడ్డున విన్నది, దారి దొరక్క నెత్తుట్లోనే తిరిగే కాపలా కణాల సంగతి, నాకు గుర్తొచ్చి గాజు తలుపుల వైపు తిరిగాను. కోరింత దగ్గే, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలిస్తే మిగతావాళ్ళని కాపాడుకోవచ్చు, పిల్లని ఎత్తుకున్న పెద్దవాళ్ళందరి ముక్కులోంచీ పరీక్షకి తీయాలి అంది డాక్టరమ్మ. ముసలమ్మని తప్పకుండా రప్పించమని మేడమ్ పట్టుబట్టింది. మా అల్లుడు వెళ్ళి తీసుకొచ్చాడు. ఆవిడ జన్మలో చూడనంత పెద్ద ఆసుపత్రిలో, వరండా బల్ల చివర కాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. మేడమ్ ఆవిడ వైపు చూడను కూడా చూడలేదు. అందరిదీ తీస్తుంటే వరసలో తనూ కూర్చుని, తలెత్తి, ముక్కు చూపించింది.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ నన్నూ మేడమ్‌నీ లోపలికి పిలిచింది. ఇంగ్లీషులో ఏదో మెల్లగా మొదలెట్టింది. మేడమ్ ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని చూసి, తిరిగి ఇచ్చేసి, బయటికి నడిచింది. అప్పటికీ నాకేమీ అర్థం కాలేదు. ఆ డాక్టరమ్మ పేర్లు బయటపెట్టే మనిషి కాదు. మేడమ్ మాట్లాడకుండా ఊరుకుంటే మా ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

వరండాలో బల్లకి ఈ చివర మా ఆవిడ, ఆ చివర ముసలమ్మ. ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఈయమ్మది కాదు. ఈయమ్మది పొగ దగ్గే. నాది. నానే తెచ్చినాను మీ ఇంటికి."

మా ఆవిడ ఒళ్ళో ఉన్న పిల్ల దుప్పటిని దగ్గరికి లాక్కుంది. నాకు ఆ నిమిషంలో ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంత చదువూ, ఇన్ని పాఠాలూ, కొవ్వొత్తి ఊదితే కూడా ఊరుకోని చాదస్తమూ, అంతా చేసి మా పిల్ల గొంతు మీదికే తెచ్చింది కదా అనిపించింది. ఆ మాటలు నోటిదాకా వచ్చాయి. ఆమె మొహం చూసి ఆగిపోయాను.

సాయంత్రం క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుంది, టీ ముట్టకుండా. క్లాసులో ఏ కుర్రాడి దగ్గర్నుంచో అంటుకుని ఉంటుందట. చిన్నప్పటి టీకా బలం ఒంట్లో ఎక్కడో కాస్త మిగిలి ఉండి, తనలో దాన్ని పూర్తిగా పెరగనివ్వలేదట. అందుకే తనకి వట్టి దగ్గులాగే కనిపించింది, టీకా వయసు ఇంకా రాని పిల్ల గొంతులో దానికి అడ్డు లేకుండా పోయింది అని పాఠంలాగే చెప్పింది. చెప్పి, చల్లారిన టీ గ్లాసుని పక్కకి జరిపింది.

"ఊరందరి దగ్గూ నాను విన్నాను మాష్టారూ. నా దగ్గుని మాత్రం ఊరు విన్నట్టే విన్నాను."

పిల్ల బతికింది. అది చెప్పకుండా ఇంత దూరం లాగినందుకు క్షమించాలి, మాకు మాత్రం అంతకన్నా ఎక్కువ కాలమే తెలియకుండా గడిచింది. ఒక ఉదయం యంత్రం తీశారు. కొన్నాళ్ళకి తల్లి దగ్గర పాలు తాగింది. ఇంటికి తెచ్చుకున్నాక కూడా చాలాకాలం మేమెవరం ఒకేసారి నిద్రపోయేవాళ్ళం కాదు, ఒకరు పిల్ల పొట్ట పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చునేవాళ్ళం.

మేడమ్ తిరిగొచ్చీ రాగానే ముసలమ్మ ఇంటికి వెళ్ళింది. లోపలికి వెళ్ళకుండా వీధిలోనే నిలబడి, చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలిచి, ఈమెకి ఏ జబ్బూ లేదు, జబ్బు నాది, ఈమె మీద నింద వేసింది నేను అని చెప్పింది. ముసలమ్మ గడపలో కూర్చుని అంతా విని, ఇప్పుడు చెబితే ఏం లాభమమ్మా, నాకింక ఎవరు పిల్లనిస్తారు అందట. ఆవిడ అన్నదే నిజమైంది. ఊరు ఒకసారి విన్నది మర్చిపోదు. మేడమ్ ఇంటింటికీ తిరిగి, తనని తాను తిట్టుకుని, ఒకటి రెండు ఇళ్ళవాళ్ళని ఒప్పించింది. ఊదకుండా లాల ఎలా పోస్తారమ్మా, ముక్కులో నీళ్ళుండిపోవా అని ముసలమ్మ అడిగితే, మెత్తటి గుడ్డ కొసని ఒత్తిలా చేసి తుడవడం దగ్గర కూర్చుని చూపించిందని చెప్పుకున్నారు.

మా ఇంటికి మాత్రం మళ్ళీ రాలేదు. గేటు దాకా వచ్చేది. అవతలే నిలబడి, తాగుతోందా, పడుకుంటోందా అని అడిగి వెళ్ళిపోయేది. మొదట్లో మా ఆవిడ రమ్మనలేదు. తర్వాత రమ్మన్నా ఆమె రాలేదు. స్టాఫ్‌రూములో ఎవరైనా దగ్గితే మేమందరం అలవాటు కొద్దీ మాట ఆపి ఆమె వైపు చూసేవాళ్ళం. ఆమె పుస్తకంలోంచి తలెత్తేది కాదు. ఆ వేలు మళ్ళీ లేవగా నేను చూడలేదు. పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఆ క్రిమి గురించి ఇంకా ఎక్కువ చెప్పేదని, ఒక్కోసారి గంట కొట్టినా ఆపేది కాదని పిల్లలు అనేవారు. ఆ పాఠంలో పిల్లని ఎత్తుకున్న పంతులమ్మ ఒకామె కొత్తగా చేరిందట. ఆ పంతులమ్మ ఎవరో పిల్లలకి చెప్పకపోయినా తెలుసు.

తర్వాత మా ఉద్దానం మనుషులకి వచ్చేదే ఆమెకీ వచ్చింది. కిడ్నీల జబ్బు. పలాసలోనే డయాలసిస్. దాన్ని గురించి ఆమె ఒక్క మాట గట్టిగా మాట్లాడలేదు, ఎవరైనా పలకరిస్తే పాఠాల సంగతి ఎత్తేది.

ఈ వేసవిలో మా అమ్మాయి వచ్చింది. పిల్ల ఇప్పుడు పరిగెడుతోంది, అడ్డమైన ప్రశ్నలూ వేస్తోంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఆవిడే, పదండి, అప్పని చూసొద్దాం అంది. నలుగురం వెళ్ళాం. మేడమ్ మంచం మీద ఉంది, బాగా చిక్కిపోయింది. పిల్లని చూడగానే కొంగు మూతి మీదికి లాక్కుని, దూరంగా కూర్చోబెట్టండి అని చేత్తో సైగ చేసింది. ఇప్పుడు మీకేం లేదు కదా మేడమ్, పిల్లకి టీకాలన్నీ అయ్యాయి కదా అన్నాను. తల అడ్డంగా ఊపింది. మా అమ్మాయి ఇంక ఎవరి మాటా వినలేదు. పిల్లని ఎత్తి ఆమె ఒళ్ళో కూర్చోబెట్టేసింది.

ఆమె చేతులు కాసేపు గాల్లోనే ఉండిపోయాయి. తర్వాత మెల్లగా వచ్చి పిల్ల నడుం చుట్టూ పడ్డాయి. పిల్లకి ఆ కొంగు ఆటగా ఉందేమో, పట్టుకుని కిందికి లాగేసి మొహంలోకి చూసింది.  మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. మేడమ్‌కి సంతోషంతో మాట రావడం లేదనుకున్నాను నేను. మెడ నరాలు ఉబ్బి మొహం కందిపోతోంటే అప్పుడు చూశాను, ఆమె ఛాతీ కదలడం లేదు. పిల్లని తీసుకో అని అమ్మాయికి చెప్పాను. అమ్మాయి పిల్లని ఎత్తుకున్నాకే ఆమె గోడవైపు తిరిగి, బిగబట్టిన ఊపిరి వదిలింది.